నా గాలం కర్ర ముట్టుకోకు

ఒడెస్సా పెటవే అందరికంటే ముందు వచ్చి పడవలో కూర్చుంది. కెప్టెన్ మార్లిస్ బాగెట్ ఇంకా పెట్టెల్లో ఐసు నింపుతూనే ఉంది. ఆరెంజ్ బీచ్ రేవులో మిగతా పడవల ఇంజన్లు ఒక్కొక్కటే దగ్గి గొంతు సవరించుకుంటున్నాయి. ఒడెస్సా ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో టోపీని కళ్ళ మీదికి లాక్కుని, నన్ను దింపేవాళ్ళెవరో రండి చూస్తాను అన్నట్టు కూర్చుంది.

దింపడానికే వచ్చాడు అన్నయ్య క్లియోఫస్. ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. తలుపంత వెడల్పు, ఊరంత గొంతు. ఆయన వెనకాల ఒడెస్సా కూతురు రెనీటా, ఆ వెనకాల ఆయన అల్లుడు హాలిస్ సంచులు మోసుకుంటూ వస్తున్నారు.

"ఏమే డెస్సీ, నువ్వేంటి ఇక్కడ?"

"కనపడట్లేదా? పడవెక్కాను."

"రాత్రి ఏమనుకున్నాం? ఈ ఏడు నీ బదులు హాలిస్ వస్తాడని కదా!"

"అనుకున్నది నువ్వు. అప్పుడు నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. నన్నెవరడిగారు?"

"అమ్మా, ఒడ్డున పిన్ని వాళ్ళంతా ఉన్నారు, హాయిగా నీడలో కూర్చుని..." అని రెనీటా మొదలుపెట్టింది.

"కూర్చుని బంగాళాదుంపలకి తొక్కు తియ్యాలా? హాలిస్‌ని కూడా రమ్మను, నాకేం అభ్యంతరం లేదు. చోటు చాలకపోతే మీ మావయ్య ఒళ్ళో కూర్చుంటాడు."

హాలిస్ నవ్వబోయి మామగారి మొహం చూసి ఆపుకున్నాడు. మార్లిస్ ఐసు పెట్టె మూత వేసి, "ఆరుగురికి చోటుందండీ, మీరు నలుగురే," అంది. అంతటితో ఆ పంచాయితీ ముగిసింది. క్లియోఫస్ గొణుగుతూ పడవెక్కాడు.

పెటవే వంశం వాళ్ళంతా ప్రతి జూన్లోనూ ప్రిచర్డ్ నుంచీ, మోబీల్ నుంచీ, అట్లాంటా నుంచీ వచ్చి సముద్రం పక్కన ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుంటారు. అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుంటారు, అరుచుకుంటారు, తింటారు. శనివారం ఇంటి పెద్దలు పడవ మాట్లాడుకుని లోపలికి వెళ్ళి రాత్రి విందుకి చేపలు తెస్తారు. ఒడెస్సా, క్లియోఫస్ పిల్లలుగా ఉన్నప్పుడే వాళ్ళ నాన్న ఇద్దర్నీ డాగ్ రివర్ వంతెన మీద నిలబెట్టి, ఇద్దరికీ చెరో కర్ర ఇచ్చి గాలం వెయ్యడం నేర్పాడు. ఆడపిల్ల కదా అని ఆమెకి చిన్న కర్ర ఇవ్వలేదు. అప్పట్నుంచి ఆమె ఒక్క ఏడు కూడా ఈ ప్రయాణం మానలేదు.

కిందటి శరదృతువులో ఒక ఉదయం ఆమె వంటింట్లో కాఫీ పెట్టుకుంటూ కూలిపోయింది. పక్షవాతం. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, భుజం కూడా చాలావరకు లొంగింది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం తలుచుకున్నప్పుడు మూసుకుంటాయి, తలుచుకున్నప్పుడు వదిలేస్తాయి. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. లైసెన్సు వెళ్ళిపోయింది. కారు తాళాలు రెనీటా తీసుకుంది. కత్తులు ఎవరో పైఅరలో పెట్టారు. స్నానాల గదికి గడియ తీసేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అందరూ ప్రేమతోనే తలా ఒకటి పట్టుకుపోయారు. ఇక మిగిలింది సముద్రం. దాన్ని క్లియోఫస్ పట్టుకుపోదామనుకున్నాడు.

ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళాక మార్లిస్ పడవ ఆపింది. కింద ఎప్పుడో మునిగిపోయిన ఒక బల్లకట్టు ఉందట, దాని చుట్టూ చేపలు. ముందు భాగంలో ఉన్న చిన్న మోటారుతో పడవని కదలకుండా అక్కడే నిలబెట్టింది. అప్పటికే హాలిస్ మొహం సున్నం కొట్టినట్టయి, బకెట్ కౌగిలించుకుని ఒక మూల కూర్చున్నాడు.

"నా బదులు వచ్చిన వీరుడు," అంది ఒడెస్సా.

"అత్తయ్యా, దయచేసి మాట్లాడించకండి," అన్నాడు అతను బకెట్లోంచి.

పెటవేల పద్ధతి ఒకటే. చేతికర్రంత లావు గాలం కర్ర, కొనకి బండంత సీసం, గాలానికి కోసిన చేపముక్క. అడుగు దాకా దింపడం, చేప లాగగానే కర్రని ఆకాశానికెత్తి బలంకొద్దీ లాగడం. క్లియోఫస్ ఒకటి లాగాడు, రెనీటా ఒకటి లాగింది. స్నాపర్లనే ఎర్ర చేపలు పడవలో పడి తపతప కొట్టుకున్నాయి. ఒడెస్సా కర్రకి కూడా చేప తగిలింది. ఆమె కర్ర ఎత్తింది. సగం ఎత్తేసరికి ఎడమ వేళ్ళు చెప్పాపెట్టకుండా తెరుచుకున్నాయి. కర్ర పడవ అంచు మీద టంగుమని పడి నీళ్ళలోకి జారుతుండగా క్లియోఫస్ ఒక్క గెంతున వచ్చి అందుకున్నాడు. చేపనీ ఆయనే లాగాడు.

"చెప్పానా లేదా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, అందుకే ఆమెకి ఇంకా మండింది. "ఇట్లా కూర్చో. నేను పట్టినవన్నీ నీవే అనుకో."

"నువ్వు తిన్నవి కూడా నేను తిన్నట్టేనా?"

ఆమె వెళ్ళి ఐసు పెట్టె మీద కూర్చుంది. ఎడమ అరచేతిని కుడిచేత్తో పట్టుకుని వేళ్ళని ఒక్కొక్కటే మడిచింది. అవి మళ్ళీ తెరుచుకున్నాయి. కుండీలో మొక్కని పీకేసినట్టు వాటిని పీకెయ్యాలనిపించింది.

మార్లిస్ ఇదంతా చూసింది. ఆమె కేబిన్లోకి వెళ్ళి సన్నటి కర్ర ఒకటి పట్టుకొచ్చింది. చిటికెన వేలంత సన్నం. దాని తీగ చివర జానెడు పొడుగున్న లోహపు చేప ఒకటి వేలాడుతోంది, ఒక పక్క వెండి రంగు, ఒక పక్క గులాబి. ఎర ఏమీ లేదు.

"ఒడెస్సా గారూ, భుజం పనిచేస్తుందా?"

"భుజం మాట వింటుంది. వేళ్ళే మొండికేస్తాయి."

"అయితే వేళ్ళతో మనకి పని లేదు. దీన్ని జిగ్ అంటారు. జపాన్ వాళ్ళు కనిపెట్టిన పద్ధతి. నాకు భుజం కీలు జారినప్పుడు నేర్చుకున్నాను. రండి."

"దాంతో కాలవలో పరిగలు పట్టుకోవచ్చు," అన్నాడు క్లియోఫస్.

ఒడెస్సా లేచింది. ఆ మాట అనకపోయి ఉంటే లేచేదో లేదో.

మార్లిస్ కర్ర మొదలుని ఆమె ఎడమ చంకలో ఇరికించింది. ముంజేతిని కర్ర పొడుగునా ఆనించి, "బిగించి పట్టుకోవద్దు, చంక పట్టుకుంటుంది," అంది. లోహపు చేపని నీళ్ళలో వదిలితే తీగ చాలాసేపు జారి జారి, అడుగు తగిలి వదులైంది. "ఇప్పుడు కుడిచేత్తో ఈ తీగ చుట్టే చక్రం పిడిని సగం తిప్పి ఆపండి. అంతే. కర్ర వంగుతుంది, దానంతటదే లేస్తుంది. కింద మన చేప ఒక్క గెంతు గెంతి, పక్కకి ఒరిగి, ఎండుటాకు రాలినట్టు రాలుతుంది. పెద్ద చేప దాన్ని రాలేటప్పుడే కొడుతుంది, లేచేటప్పుడు కాదు. రాలడానికి దానికి టైమివ్వాలి."

ఒడెస్సా తిప్పింది. అలవాటు ఊరుకుంటుందా, కర్రని కూడా ఎత్తింది.

"ఎత్తద్దు."

మళ్ళీ ఎత్తింది.

"ఎత్తద్దండీ. కర్ర ముక్కు నీళ్ళవైపే చూడాలి. చేప తగిలినా ఎత్తద్దు. ఎత్తితే ఇది విరుగుతుంది. చేపని కర్రతో కాదు, ఈ చక్రంతో తియ్యాలి, బావిలోంచి చేద తీసినట్టు."

మూడోసారి తొందరపడింది, నాలుగోసారి తీగ కర్ర కొనకి చుట్టుకుంది. ఆ తర్వాత లోహపు చేప కింద బల్లకట్టుకే తగులుకుని తెగిపోయింది. మార్లిస్ మారు మాట్లాడకుండా ఇంకోటి కట్టింది. క్లియోఫస్ ఇంకో స్నాపర్ని పడవలో పడేసి, "ఒసే డెస్సీ, వడియాలు ఆరబెడుతున్నావా, చేపలు పడుతున్నావా?" అన్నాడు. హాలిస్ కూడా బకెట్లోంచి తల పైకెత్తి నవ్వి, వెంటనే శిక్ష అనుభవించాడు.

ఒడెస్సా పళ్ళు బిగించింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి ఒక ముసలి గేరు బస్సు ఇచ్చారు. దాని క్లచ్చి కాలుకి తెలియాలే తప్ప చెబితే వచ్చేది కాదు. ఎక్కువ వదిలితే పిల్లలందరూ ముందు సీట్లకి గుద్దుకుంటారు, తక్కువ వదిలితే బస్సు వెనక్కి పోతుంది. ఎక్కడో ఒక చోట అది పట్టుకుంటుంది, ఆ చోటు కోసం కాచుకోవాలి. ఆమె కళ్ళు మూసుకుంది. సగం తిప్పి ఆపింది. కర్ర వంగింది, లేచింది. చంకలో చిన్నగా తట్టినట్టయింది, ఆ తర్వాత ఏ బరువూ లేదు. కింద అది రాలుతోంది. కాచుకుంది. మళ్ళీ తిప్పింది.

"అదీ," అంది మార్లిస్ మెల్లగా.

రాలుతున్నది సగంలోనే ఆగిపోయింది. ఒడెస్సా పిడి తిప్పింది. కర్ర వంగింది కాని లేవలేదు. కింద ప్రాణమున్నదేదో తల విదిలించింది. ఆమె కర్ర దించి, తిప్పుతూ తిప్పుతూ పోయింది. మూరెడు స్నాపర్ ఎర్రగా నీళ్ళపైకి వచ్చింది.

"పరిగ!" అని అరిచింది క్లియోఫస్‌కేసి చూసి. "చూశావా నా పరిగని?"

ఆయన తల గోక్కున్నాడు. రెనీటా చప్పట్లు కొట్టి, వెంటనే, "అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగింది. ఒడెస్సా ఆ మాట విననట్టే లోహపు చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేసింది.

ఈసారి తగిలింది వేరే రకం. కర్ర సగానికి వంగి కొన నీళ్ళలో మునిగింది. చక్రం ఏడ్చినట్టు కూస్తూ తీగ వదిలేస్తోంది. ఒడెస్సా ఒక అడుగు ముందుకి తూలి పడవ అంచుకి నడుము ఆనించింది. ఆ తూలడం చూశాడు క్లియోఫస్. తన కర్ర వదిలేసి వచ్చి, చెల్లెలి చంకలోంచి సన్నకర్ర లాక్కుని, బతుకంతా చేసినట్టే రెండు చేతుల్తో దాన్ని ఆకాశానికెత్తాడు.

టపాకాయ పేలినట్టు చప్పుడైంది. కర్ర మూడు ముక్కలైంది. పదునుగా విరిగిన అంచు తగిలి తీగ తెగిపోయింది. కింద ఉన్నదేదో అట్నుంచి అటే వెళ్ళిపోయింది.

"పుల్ల లాంటి కర్ర," అన్నాడు క్లియోఫస్, చేతిలో మిగిలిన మొండిని చూస్తూ.

"అది ఎత్తకూడదని ఆవిడ పొద్దుట్నుంచీ చెబుతోంది. నీ చెవుల్లో వెల్డింగ్ చేశారా?" అంది ఒడెస్సా. "నిన్ను పిలిచానా? అన్నయ్యా రా, నావల్ల కావట్లేదు అన్నానా?"

"నువ్వు పడిపోయేదానివి."

"పడితే తడుస్తాను."

"అమ్మా, మావయ్య నీ మంచికే..."

"నువ్వూ ఊరుకోవే. నా మంచి అంతా మీ దగ్గరే ఉంది, నా దగ్గర ఏమీ మిగల్లేదు. కూర తరగబోతే కత్తి లాక్కుంటారు. డాక్టరు నన్నడిగితే మీరు జవాబు చెబుతారు. నేను గదిలో ఉండగానే నా గురించి 'ఆవిడ తిందా, ఆవిడ పడుకుందా' అనుకుంటారు. వేళ్ళు పోయాయి నాకు. నేను పోలేదు."

క్లియోఫస్ మొండి కర్రని బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఆ రోజు వంటింట్లో నేల మీద నిన్ను చూసింది నేను. నువ్వు చూడలేదు నిన్ను. నేను చూశాను. నోరు ఒక పక్కకి పోయి, కాఫీలో తడిసిపోయి... తలుపు కొట్టి వెళ్ళిపోదామనుకున్నాను తెలుసా, పడుకుని ఉంటావులే అనుకుని. వెళ్ళిపోయి ఉంటే?"

ఒడెస్సా ఇది ఇంతకుముందు వినలేదు. సముద్రం పడవని మెల్లగా ఎత్తి దించింది. హాలిస్ బకెట్ పక్కన పెట్టి తల వంచుకున్నాడు.

"నువ్వు రాకపోతే నేను లేను. నాకు తెలుసు, చచ్చేదాకా మర్చిపోను," అంది ఒడెస్సా చివరికి. "అయినా సరే, నా గాలం కర్ర ముట్టుకోకు."

ఆమె మార్లిస్ వైపు తిరిగింది. "కెప్టెనమ్మా, ఇంకోటుందా?"

"ఉంది. అది నా సొంతానికి పెట్టుకున్నది."

"ఇవ్వడానికి భయంగా ఉందా?"

"మీ అన్నగారంటే భయంగా ఉంది," అంది మార్లిస్. కేబిన్లోంచి నీలం రంగు కర్ర తెచ్చి ఆమె చంకలో ఆనించింది.

"రెనీటా, ఇట్లా రా. నా వెనకాల నిలబడు. నన్ను పట్టుకోవడానికి కాదు, మీ మావయ్య రాకుండా చూడ్డానికి."

రెనీటా తల్లినీ చూసింది, మేనమామనీ చూసింది. పెద్దాసుపత్రిలో నర్సు, రోజంతా మనుషుల్ని పడకుండా పట్టుకోవడమే ఆమె పని. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు తచ్చాడి, చివరికి వాటిని కట్టుకుని వెనక్కి తిరిగి నిలబడింది. "మావయ్యా, అక్కడే ఉండు," అంది.

పడవ బల్లకట్టుకి కాస్త అవతలికి జరిగింది. ఒడెస్సా దింపింది, తిప్పింది, కాచుకుంది. చాలాసేపు ఏమీ తగల్లేదు. ఎండ నెత్తికెక్కింది. క్లియోఫస్ చేపలు పట్టడం మానేసి రొట్టె ముక్క తింటున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నాడు. అప్పుడు తగిలింది.

"ఎత్తద్దు!" అన్నారు మార్లిస్, రెనీటా, హాలిస్ ఒకేసారి.

"ఎత్తట్లేదు!"

తీగ పరుగెత్తింది. చేప కిందికి, బల్లకట్టువైపు లాగుతోంది. లోపలికి దూరిందంటే అంతే సంగతులు. మార్లిస్ చక్రం బిగువు కొంచెం పెంచింది, ఆ తర్వాత చెయ్యి తీసేసింది. ఒడెస్సా కర్ర ముక్కుని నీళ్ళకేసి వంచి, మోకాళ్ళు పడవ గోడకి తన్నిపెట్టి, చేప ఆగిన ప్రతిసారీ ఒక చుట్టు గెలిచింది, అది లాగిన ప్రతిసారీ రెండు చుట్లు ఓడింది. ఎడమ చెయ్యి ఎప్పుడో కర్ర మీంచి జారి పక్కన వేలాడుతోంది. ఆమె అది గమనించలేదు. చంక బిగించే ఉంది. చెమట కళ్ళలోకి కారుతోంది.

"కోసెయ్యమను రెనీటా, తీగ కోసెయ్యమను. మొహం చూడు ఎట్లా అయిందో," అన్నాడు క్లియోఫస్.

"కోసినవాణ్ణి చేపకి ఎరగా వేస్తాను," అంది ఒడెస్సా, తల తిప్పకుండా.

రెనీటా కదల్లేదు. కళ్ళనీళ్ళు తిరుగుతున్నా చేతులు కట్టుకునే ఉంది. "మావయ్యా, రొట్టె తిను," అంది.

ఒకచోట చేప అలిసింది. అది ఎలా తెలిసిందో ఒడెస్సా చెప్పలేదు. బస్సు ఎత్తు ఎక్కేసి సమానానికి వచ్చినప్పుడు తెలిసినట్టు తెలిసింది. అక్కడి నుంచి ఆమె ఆపకుండా తిప్పింది. నీలంలోంచి ఒక బంగారపు మెరుపు తిరుగుతూ తిరుగుతూ పైకొచ్చింది. ఆంబర్‌జాక్. నడక నేర్చిన పిల్లవాడంత ఉంది, కంటి మీంచి వెనక్కి గోధుమ రంగు చార. మార్లిస్ వంగి తోక పట్టుకుని పడవలోకి తెచ్చింది.

ఒడెస్సా కూలబడింది. హాలిస్ ఈలలు వేశాడు. క్లియోఫస్ దగ్గరికొచ్చి చేపని చూశాడు. ఆయన జీవితంలో పట్టిన ఏ ఆంబర్‌జాక్ కన్నా అది పెద్దది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఒక్క సంగతి," అంది మార్లిస్. "ఈ నెలలో ఈ రకాన్ని ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. వదిలెయ్యాలి."

"ఇంత కష్టపడి?" క్లియోఫస్‌కి ప్రాణం పోయినంత పనైంది. "ఇంటికెళ్ళి చూపించకపోతే ఎవడు నమ్ముతాడు?"

"ఎవర్నీ నమ్మించడానికి పట్టలేదు," అంది ఒడెస్సా. ఆమె కూర్చునే పడవ అంచు దాకా జరుగుతూ వెళ్ళి, మంచి చేతినీ చెడ్డ చేతినీ రెంటినీ దాని పొట్ట కింద పెట్టింది. బరువు మార్లిస్ మోసింది. కాని నీళ్ళలోకి తోసింది మాత్రం ఒడెస్సా. చేప ఒక క్షణం పక్కకి ఒరిగి, తోక కొట్టి, ఆమె మొహం మీద ఉప్పునీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటి వసారాలో చేపలు వేగుతున్నాయి. పొడుగాటి బల్ల నిండా మొక్కజొన్న ఉండలు, కోసిన పుచ్చకాయలు, తీపి టీ జాడీలు. పెటవేలంతా క్లియోఫస్ చుట్టూ చేరారు. ఆయన రెండు చేతులూ చాపి చెబుతున్నాడు: "కర్ర విరిగేలా వంగింది. మేం వదుల్తామా! అందరం కలిసి పట్టుకుని..."

"ఎవరా అందరం?" అంది ఒడెస్సా బల్ల అవతలి చివర్నుంచి.

"అది కాదే, మాట వరసకి..."

"మాట వరసకి కూడా వద్దు. మొదటిది నీ మూలంగా పోయింది, అది చెప్పు. రెండోది నేను పట్టాను, అదీ చెప్పు. మధ్యలో కర్ర విరిగిన సంగతి మర్చిపోకు, అదే అన్నిటికంటే బాగుంటుంది."

నవ్వులు గొల్లుమన్నాయి. క్లియోఫస్ గడ్డం రుద్దుకున్నాడు. ఆ తర్వాత, కథ చెప్పడం తెలిసినవాడు కనక, లేచి నిలబడి తన అవమానాన్ని చప్పుళ్ళతో సహా అభినయించి చూపించాడు. విరిగిన కర్ర చప్పుడు మూడుసార్లు అడిగి చేయించుకున్నారు.

తిన్నాక ఆయన చీపురు కర్ర ఒకటి పట్టుకుని ఒడెస్సా దగ్గరికొచ్చాడు.

"ఆ వంకర పని ఎట్లా చేస్తారో చూపించు."

"పరిగలు పట్టే పనా?"

"చూపిస్తావా లేదా?"

ఆమె టీ తాగడం పూర్తయ్యేదాకా ఆయన్ని నిలబెట్టింది. ఆ తర్వాత చీపురుని ఆయన చంకలో ఇరికించి, ముందు నిలబడింది.

"సగం తిప్పు. ఆగు. రాలనియ్యి. ఎత్తకు."

ఆయన ఎత్తాడు.

"ఎత్తకు అన్నాను."

"ఎత్తలేదే!"

"పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్లకి కూడా కనిపించింది నువ్వెత్తడం. మళ్ళీ మొదట్నుంచి చెయ్యి."